బేస్ గిటార్ వాయిస్తే చెయ్యి నొప్పి పుట్టకుండా ఉండాలంటే

బేస్ నేర్చుకోవడం మొదలుపెట్టినవారికి ప్రతి ఒక్కరూ ఇచ్చే సలహా ఒకటి ఉంది: మొదట్లో నొప్పి ఉంటుంది, ఓర్చుకుంటే అదే పోతుంది. ఇందులో సగమే నిజం. తీగ నొక్కే వేళ్ళ కొనలు మండటం, ఎర్రబడటం, కొన్ని వారాలకు అక్కడ చర్మం కాయలు కాచి గట్టిపడటం మామూలే. దాన్ని ఓర్చుకోవచ్చు. మణికట్టులో, ముంజేతిలో, మోచేతి దగ్గర, బొటనవేలి మొదట్లో పుట్టే నొప్పి మాత్రం ఓర్చుకోవలసింది కాదు. వేళ్ళు తిమ్మిరెక్కడం అసలే కాదు. మొదటిది చర్మం నొప్పి, రెండవది కండరాలది, స్నాయువులది, నరాలది. చర్మం గట్టిపడుతుంది. నరం గట్టిపడదు.

ముందుగా చిన్న పరీక్ష ఒకటి చేయండి. కుడి చేత్తో మీ ఎడమ ముంజేతిని మోచేతికి కాస్త కింద పట్టుకుని, ఎడమ చేతి వేళ్ళను ఆడించండి. కదలిక ముంజేతిలో తెలుస్తుంది. వేళ్ళను బలంగా ముడిచే కండరాలు ఉండేది అక్కడే. అక్కడినుంచి 9 స్నాయువులు, వాటితో పాటు మీడియన్ అనే నరం, మణికట్టులోని ఇరుకైన సందు గుండా అరచేతిలోకి వెళతాయి. ఇప్పుడు మణికట్టును లోపలి వైపు పూర్తిగా వంచి పిడికిలి బిగించి చూడండి. ఎంత ప్రయత్నించినా సరిగా బిగుసుకోదు. అలా వంచిన మణికట్టుతోనే గంటసేపు లావు తీగలు నొక్కుతుంటే, నొక్కడానికి ఎక్కువ శ్రమ పడాలి, ఆ ఇరుకు సందులో ఒత్తిడీ పెరుగుతుంది. కింద చెప్పేవన్నీ చివరకు ఈ రెంటికే చేరతాయి: మణికట్టు తిన్నగా ఉండాలి, బలం కావలసినంతే వాడాలి.

(కుడిచేతి వాటం వారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎడమచేతి వాటం వారు చేతులు మార్చి చదువుకోగలరు.)

1. ముందు గిటార్‌ను సరిచేయించండి

చాలామంది చేతి పద్ధతి మార్చుకోవడానికి నెలలు వెచ్చిస్తారు గానీ, గంటా రెండు గంటల్లో అయిపోయే సెటప్, అంటే తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయడం, చేయించుకోరు. కొత్త గిటార్ కదా, సరిగానే ఉంటుందని అనుకోవద్దు. దుకాణం గోడకు వేలాడే గిటార్లలో చాలావరకు పెట్టెలోంచి తీసి తగిలించినవే.

మొదట తీగల ఎత్తు, అంటే యాక్షన్ చూడండి. గిటార్‌ను శ్రుతి చేసి, 12వ ఫ్రెట్ (నెక్ మీద, అంటే గిటార్ మెడ మీద, అడ్డంగా ఉండే లోహపు కమ్మి) దగ్గర స్టీలు స్కేలు నిలబెట్టి ఫ్రెట్ పైభాగానికీ తీగ అడుగుకూ మధ్య దూరం కొలవండి. సన్నని జీ (G) తీగ కింద 2 మిల్లీమీటర్లు, లావు ఈ (E) తీగ కింద 2.5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. 3 దాటితే మీ వేళ్ళు అనవసరంగా చాకిరీ చేస్తున్నట్టే. తరువాత మూడవ ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు చూడండి. అక్కడ కాగితం మందాన సందు ఉంటే చాలు. అంతకంటే బాగా ఎక్కువగా కనిపిస్తే నట్‌లోని, అంటే నెక్ చివర తీగలను మోసే చిన్న పట్టీలోని, గాళ్ళు లోతు చాలలేదని అర్థం. మొదటి రెండు ఫ్రెట్లు మాత్రమే రాయిలా అనిపించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. నట్ అరగదీయడం ఇంట్లో చేసే పని కాదు, ఎక్కువ అరిగితే కొత్తది వేయవలసి వస్తుంది. గిటార్లు బాగుచేసేవారి చేతికివ్వండి.

తీగల లావు కూడా మార్చుకోవచ్చు. మామూలుగా వచ్చే 45-105 సెట్‌కు బదులు 40-100 గానీ 40-95 గానీ వేయించండి. ఆ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. తేడా వినడానికి చిన్నదే, సాయంత్రం రెండు గంటల రిహార్సల్ అయ్యాక ముంజేతికి బాగా తెలుస్తుంది. సన్నని తీగలు వేయిస్తే లాగుడు తగ్గి నెక్ వంపు మారుతుంది కాబట్టి అప్పుడే సెటప్ కూడా చేయించండి.

హైదరాబాద్ వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల పొడి వేడికి నెక్ చెక్కలోని తేమ తగ్గి, సాధారణంగా నెక్ వెనక్కి తిన్నబడుతుంది, తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరమంటాయి. వానలు పట్టాక చెక్క తేమ పీల్చుకుంటుంది, నెక్ ముందుకు వంగుతుంది, తీగలు పైకి లేస్తాయి. ఎండాకాలంలో వెన్నలా ఉన్న గిటార్ ఆగస్టులో మొండికేసినట్టు అనిపిస్తే మీ చేతిని తిట్టుకోకండి, స్కేలు తీయండి. నెక్ లోపల దాని వంపును సరిచేసే కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, మీరే తిప్పదలిస్తే ఒకసారికి పావు చుట్టు మించవద్దు. తిప్పాక శ్రుతి చేసి, కాసేపు ఆగి మళ్ళీ చూడండి. కీ బిగుసుకుపోయి తిరగకపోతే బలవంతం చేయకుండా వదిలేయండి.

2. స్ట్రాప్, కుర్చీ

బేస్ గిటార్లు ఎక్కువగా మూడున్నర నుంచి నాలుగున్నర కిలోల బరువుంటాయి. ఆ బరువును భుజం మోయాలి, ఎడమ చెయ్యి కాదు. స్ట్రాప్ తగిలించుకుని నిలబడి రెండు చేతులూ వదిలేయండి. నెక్ కిందికి జారిపోతే, ఇన్నాళ్ళూ మీ ఎడమ చెయ్యి నొక్కే పనితో పాటు మోసే పని కూడా చేస్తోందన్నమాట. కనీసం 3 అంగుళాల వెడల్పు ఉండి, లోపలి వైపు గరుకుగా ఉండే తోలు స్ట్రాప్ వాడితే చొక్కా మీద జారకుండా పట్టుకుంటుంది. నున్నటి నైలాన్ పట్టీతో అది కుదరదు.

ఎత్తు సంగతి. గిటార్ ఎంత కిందికి వేలాడితే ఎడమ మణికట్టు అంత వంగుతుంది. ఎంత పైకి లాగితే కుడి మణికట్టు అంత వంగుతుంది. రెండూ తిన్నగా ఉండే చోటు చాలామందికి బొడ్డు పైభాగాన దొరుకుతుంది. కుర్చీలో కూర్చుని, గిటార్ హాయిగా ఒడిలో కుదిరాక స్ట్రాప్ బిగించి, అలాగే లేచి నిలబడండి. గిటార్ కిందికి జారకూడదు. నెక్ నేలకు సమాంతరంగా కాకుండా పైకి వాలి, శ్రుతి మరలున్న కొన దాదాపు భుజం ఎత్తులో ఉండాలి. మోకాళ్ళ దాకా వేలాడదీసి వాయించడం ఫొటోల్లో దివ్యంగా ఉంటుంది, కాదనను. ఫొటోకు అలాగే నిలబడండి, తీశాక స్ట్రాప్ బిగించుకుని వాయించండి.

ఇంట్లో సాధన దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. మంచం మీదో చాప మీదో బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మనకు అలవాటు. హార్మోనియానికీ వీణకూ అది చక్కగా సరిపోతుంది, బేస్‌కు సరిపోదు. గిటార్ ఒడిలో వెల్లకిలా పడుకుంటుంది, ఫ్రెట్లు చూడటానికి మీరు ముందుకు వంగుతారు, రెండు మణికట్లూ వంకరపోతాయి. చేతులు ఆన్చుకునే ప్లాస్టిక్ కుర్చీ కూడా వద్దు, గిటార్ దాని చేతులకు తగిలి పక్కకు తిరుగుతుంది. చేతుల్లేని భోజనాల బల్ల కుర్చీ గానీ స్టూలు గానీ వాడండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి.

3. ఎడమ చెయ్యి: ఎంత నొక్కాలో కనుక్కోండి

ఇది ఈ మొత్తంలో ముఖ్యమైన భాగం. రోజుకు ఐదు నిమిషాలు, రెండు వారాలపాటు దీనికే కేటాయించండి.

ఏ తీగ మీదైనా ఐదవ ఫ్రెట్ దగ్గర వేలు ఊరికే ఆనించి, కుడి చేత్తో మీటండి. మొద్దు శబ్దం వస్తుంది. మీటుతూనే కొద్దికొద్దిగా నొక్కుతూ పోండి. మొదట గరగర వస్తుంది, ఇంకాస్త నొక్కితే స్వరం స్వచ్ఛంగా పలుకుతుంది. అక్కడ ఆగండి. కావలసిన బలం అంతే. ఇప్పుడు మీరు మామూలుగా వాయించేటప్పుడు ఎంత నొక్కుతారో అలా నొక్కి పోల్చి చూడండి. చాలామంది తమ చేతిని తామే నమ్మలేరు. వేలిని ఫ్రెట్‌కు ఆనుకుని, దాని వెనకనే పెడితే ఈ బలం ఇంకా తగ్గుతుంది. రెండు ఫ్రెట్ల నడుమ పెడితే పెరుగుతుంది.

తరువాత బొటనవేలు. దాన్ని నెక్ మీదనుంచి పూర్తిగా తీసేసి, తెలిసిన పాట ఒకటి నెమ్మదిగా వాయించండి. కుడి ముంజేయి గిటార్ ఒంటిని మెత్తగా మీ వైపు అదిమి ఉంచుతుంది, ఎడమ చేతి వేళ్ళు తీగలకు తగులుకుని చేతి బరువుతో వెనక్కి లాగుతాయి. స్వరాలు పలుకుతాయి. రోజంతా ఇలా వాయించమని కాదు. బొటనవేలు నొక్కకపోయినా పని జరుగుతుందని చేతికి తెలియడానికే ఇది. తెలిశాక బొటనవేలిని తిరిగి నెక్ వెనక, చూపుడువేలికీ మధ్యవేలికీ ఎదురుగా, ఊరికే ఆనించండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గట్టిపడి ఉంటే మళ్ళీ పిసుకుతున్నారని గుర్తు.

ఇక వేళ్ళు చాచడం. ఒక్కో ఫ్రెట్‌కు ఒక్కో వేలు అనే పద్ధతి మామూలు గిటార్ నుంచి వచ్చినవారికి బాగా అలవాటు. లెక్క చూడండి. మామూలు బేస్‌కు నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 34 అంగుళాలు, ఎలక్ట్రిక్ గిటార్‌కు 25.5. మొదటి ఫ్రెట్ నుంచి నాలుగవ ఫ్రెట్‌కు గిటార్ మీద 10 సెంటీమీటర్ల లోపే, బేస్ మీద 13. అదే బేస్ మీద ఐదు నుంచి ఎనిమిది దాకా 10. అంటే ఐదవ ఫ్రెట్ నుంచి పైకి నాలుగు వేళ్ళ పద్ధతి హాయిగా నడుస్తుంది. కింది ఫ్రెట్ల దగ్గర అదే పట్టు పడితే చెయ్యి చీలదీసినట్టు అవుతుంది. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ వాద్యకారులు ఈ చిక్కును ఎప్పుడో విప్పారు. 19వ శతాబ్దపు బేస్ గురువు ఫ్రాంజ్ సిమాండల్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో చూపుడువేలు, మధ్యవేలు, ఆ తరువాత ఉంగరపువేలూ చిటికెనవేలూ కలిసి ఒకటిగా పనిచేస్తాయి. మూడు ఫ్రెట్లకే చెయ్యి పరుచుకుంటుంది, నాలుగవది కావాలంటే వేలు చాచరు, చెయ్యే జరుపుతారు. కింది నాలుగు ఫ్రెట్లలో దీన్నే వాడండి.

చోటు మార్చుకోవడం మరో దారి. ఏ (A) తీగ మీద మొదటి మూడు ఫ్రెట్లలో ఉన్న స్వరాలు ఈ (E) తీగ మీద 6, 7, 8 ఫ్రెట్లలోనూ అవే. ఇళయరాజా పాటల్లోని బేస్ లాగా తీగ నుంచి తీగకు దూకుతూ, పాట పక్కన ఇంకో పాటలా సాగేవి నేర్చుకుంటుంటే ఈ వెసులుబాటు ఎంతో పనికొస్తుంది. మీ చెయ్యి చిన్నదైతే 30 అంగుళాల పొట్టి బేస్ కొనడానికి మొహమాటపడకండి. పాల్ మెకార్ట్నీ బీటిల్స్‌లో వాయించిన వయొలిన్ ఆకారపు హాఫ్నర్ అలాంటి పొట్టి బేసే, పైగా బాగా తేలిక.

4. కుడి చెయ్యి: మెల్లగా మీటండి, యాంప్ పెంచండి

ముంజేతిని గిటార్ అంచు మీద ఆనించి చేతిని కిందికి వేలాడదీస్తే మణికట్టు లంబకోణంలో వంగిపోతుంది. మోచేతిని కాస్త వెనక్కి జరిపి, ముంజేయి అంచుకు తగిలీ తగలనట్టు ఉంచండి. బొటనవేలు పికప్ (తీగల కింద ధ్వనిని పట్టే భాగం) మీద నొక్కి పెట్టకుండా ఆనించండి. జీ, డీ తీగల మీదికి వెళ్ళేటప్పుడు దాన్నీ వెంట తీసుకెళ్ళి ఈ (E) తీగ మీద పెడితే వేళ్ళు సాగవలసిన అవసరం ఉండదు, లావు తీగ మోగకుండా ఆగుతుంది కూడా.

గట్టిగా మీటడానికి అసలు కారణం వేళ్ళు కాదు, చెవులు. తనకు తాను వినపడనివాడు గట్టిగా వాయిస్తాడు. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివారికి ఇబ్బందని యాంప్ ఆపేసి వట్టి తీగలు మీటేవారు చాలామంది. ఆ సాధనలో వేళ్ళకు అలవాటయ్యేది బాదడం. హెడ్‌ఫోను పెట్టుకునే చిన్న యాంప్ ఒకటి కొనుక్కుంటే పక్కింటివారికీ మీ చేతికీ మేలు. రిహార్సల్ గదిలో యాంప్ నేల మీద ఉంటే ధ్వని మీ మోకాళ్ళకు వినిపిస్తుంది. దాన్ని కుర్చీ మీదికి ఎత్తండి, లేదా చెవి వైపు వాల్చండి. డ్రమ్స్ ఆయన తగ్గించడు గనక మీరు పెంచుకోవలసిందే. వాల్యూం పెంచి మీటు సగానికి తగ్గించండి. స్వరం నిండుగా ఉంటుంది, తీగ ఫ్రెట్లకు కొట్టుకోదు.

స్లాప్, అంటే బొటనవేలితో తీగను కొట్టి, వాయించేవారికి ఒక మాట. బొటనవేలిని విసిరి కొట్టవద్దు, తాళం చెవి తిప్పినట్టు ముంజేయి తిరగాలి. మొదటి నెలల్లో ఒక దఫాకు ఐదు, పది నిమిషాలు మించకండి.

అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్‌కు వాయించిన బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ కుడి చేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవాడు. అది ఆయనకు కుదిరింది. మీరు రెండు వేళ్ళకు పని పంచండి, అప్పుడప్పుడు పిక్ కూడా వాడండి.

5. మిగతా రోజంతా మీ చేతులు ఏం చేస్తున్నాయో చూడండి

చాలామందికి నొప్పి మూలం గిటార్ ఒక్కటే కాదు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఎనిమిది గంటలు కీబోర్డు కొట్టి, దిల్‌సుఖ్‌నగర్ దాకా బైకు మీద వచ్చి, దారి పొడవునా క్లచ్ నొక్కి వదులుతూ, రాత్రి ఎనిమిదికి బేస్ ఎత్తుకుంటారు. క్లచ్ నొక్కేది ఎడమ చెయ్యి. బేస్ నొక్కేదీ అదే. కీబోర్డు, క్లచ్, ఫ్రెట్ మూడింటికీ ముంజేతిలో పనిచేసేవి చాలావరకు అవే కండరాలు. మొదటి పాటకే చెయ్యి పట్టేసిందంటే అది మొదటి పాట కాదు, ఆ రోజుకు ఎన్నవదో.

అందుకని చేరగానే వాయించకండి. పావుగంట కేబుళ్ళు తగిలించండి, శ్రుతి చేయండి, టీ తాగండి. ఏసీ గది చల్లగా ఉంటే చేతులు రుద్దుకుని వేడెక్కనివ్వండి. తరువాత నెమ్మది పాటతో మొదలుపెట్టండి. చల్లటి చేతిని బలంగా లాగి సాగదీయడం సన్నాహం కాదు, అదొక దెబ్బ.

బైకుకు ఒక చిన్న మరమ్మతు ఉంది. క్లచ్ లివర్ కోణాన్ని, చెయ్యి చాచి పట్టుకున్నప్పుడు మణికట్టు తిన్నగా ఉండేలా మెకానిక్‌తో మార్పించండి. కేబుల్ పాతబడి బిగుసుకుపోయి ఉంటే మార్చేయండి. వీలైన రోజున మెట్రోలో వెళ్ళండి. బేస్ సంచిని ఒక భుజాన కాదు, రెండు పట్టీలూ వేసుకుని వీపున మోయండి, రైలెక్కాక దించి కాళ్ళ మధ్య నిలబెట్టుకోండి. ఆఫీసులో మౌస్ దగ్గర మణికట్టు బల్ల అంచుకు ఒరుసుకోకుండా చూసుకోండి. రాత్రి పడుకుని ఫోను పైకెత్తి చూడటంలో మోచేయి ముడుచుకుని, బొటనవేలు అలసిపోతుంది. వాయించిన రాత్రులైనా దాన్ని పక్కన పెట్టండి.

6. సమయం

ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు వాయించి ఐదు నిమిషాలు గిటార్ దించండి. దించడం అంటే ఫోను ఎత్తుకోవడం కాదు. ఆదివారం మూడు గంటలకన్నా రోజూ అరగంట మేలు.

చేతులు ఎక్కువగా దెబ్బతినేది సాధన ఉన్నట్టుండి పెరిగినప్పుడు. చర్చి బృందాలకు డిసెంబరు, సంగీత్‌లకు వాయించేవారికి పెళ్ళి ముహూర్తాల నెలలు అలాంటివే. ఏడాదంతా వారానికి రెండు గంటలు వాయించే చెయ్యి క్రిస్మస్ ముందు వారంలో పది గంటలు వాయించవలసి వస్తుంది. నవంబరు మొదటి నుంచే కొద్దికొద్దిగా పెంచుకుంటూ రండి. ముహూర్తాలు పంచాంగంలో ముందే ఉంటాయి, మీ సాధన కూడా ముందే ఉండవచ్చు.

7. అయినా నొప్పి వస్తే

ఆ రోజుకు ఆపేయండి. పాట పూర్తయ్యాక కాదు, అప్పుడే. నొప్పి మాత్ర వేసుకుని కచేరీ గట్టెక్కించడం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం. మాత్ర నొప్పిని కప్పుతుంది, ఒత్తిడిని తగ్గించదు. మణికట్టుకు పట్టీ బిగించుకుని వాయించడమూ అంతే. పట్టీకి ఎదురుగా కండరాలు ఇంకా గట్టిగా పనిచేస్తాయి.

ఎక్కడ నొప్పి, ఏ వేళ్ళకు తిమ్మిరి అన్నది రాసిపెట్టుకోండి, వైద్యుడికి అది పనికొస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే, ముఖ్యంగా రాత్రి నిద్రలో మేలుకొలిపేలా ఉంటే, మణికట్టు సందులోని మీడియన్ నరం మీద అనుమానం. చిటికెనవేలు, దాని పక్క సగం వేలు అయితే మోచేతి వెనక నుంచి వచ్చే అల్నార్ నరం. మోచేతిని గంటలకొద్దీ ముడిచి ఉంచడం, బల్ల అంచుకు ఆనించడం దాన్ని ఎక్కువ చేస్తాయి. బొటనవేలిని గుప్పిట్లో మూసి మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచినప్పుడు బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే అది అక్కడి స్నాయువుల వాపు కావచ్చు. ఇవి రోగ నిర్ణయాలు కావు, వైద్యుడికి చెప్పవలసిన మాటలు.

తిమ్మిరి పోకుండా ఉంటే, పట్టు సడలి వస్తువులు జారిపోతుంటే, విశ్రాంతి ఇచ్చినా నొప్పి వారం పది రోజులకు తగ్గకపోతే ఆలస్యం చేయవద్దు. ఎముకల వైద్యుడి దగ్గరికి గానీ నరాల వైద్యుడి దగ్గరికి గానీ వెళ్ళండి. హైదరాబాద్‌లోని నిమ్స్, గాంధీ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ విభాగాలున్నాయి. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారికి మణికట్టు నరం సమస్య ఎక్కువగా వస్తుంది కాబట్టి వారు ఇంకా త్వరగా చూపించుకోవాలి. వెళ్ళేటప్పుడు మీరు వాయిస్తుండగా పక్కనుంచి, ఎదురుగా తీసిన వీడియో ఫోనులో పెట్టుకోండి. బేస్ అంటే ఏమిటో తెలియని వైద్యుడికి కూడా వంగిన మణికట్టు కనిపిస్తుంది.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు వదిలిన చోటినుంచి మొదలుపెట్టవద్దు. మొదటి రోజులు ఐదు నిమిషాలు, ఐదవ ఫ్రెట్ పైన, సన్నని తీగల మీద, నెమ్మది పాటలు. మరునాడు ఉదయం చెయ్యి మామూలుగా ఉంటేనే రెండు మూడు నిమిషాలు పెంచండి, లేకపోతే అక్కడే ఉండండి. కింది ఫ్రెట్లు తరువాత, స్లాప్ అన్నిటికన్నా చివర. బృందంలోవాళ్ళకు ముందే చెప్పండి: రిహార్సల్‌కు వస్తాను, సగం పాటలకే వాయిస్తాను, మిగతా సగం కీబోర్డు ఎడమ చేత్తో బేస్ పలికించుకోండి అని.